విడాకులు: మ్యూచువల్‌గా వెళ్ళాలా, కేసు నడపాలా, మీడియేషన్‌లో కూర్చోవాలా? హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఎలా ఏంటి అనేది

విడాకుల గురించి ఎవర్ని అడిగినా ముందు వచ్చే సలహా "గట్టి లాయర్ని చూస్కో" అని. లాయర్ కావాల్సిందే, కాదనట్లేదు, కానీ లాయర్ ఆఫీసు మెట్లెక్కే ముందే మీకు మీరు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ ఇద్దరి గొడవ అసలు విడిపోవాలా వద్దా అన్నదాని మీదా, లేకపోతే విడిపోవడం ఇద్దరికీ ఖాయమే గానీ డబ్బు, పిల్లలు, బంగారం దగ్గర ఆగిపోయిందా? మొదటిదైతే కోర్టులో కొట్లాడక తప్పకపోవచ్చు. రెండోదైతే కొట్లాట అక్కర్లేదు, కూర్చుని తెంపుకుని మ్యూచువల్‌గా, అంటే ఇద్దరూ ఒప్పుకుని, విడిపోవచ్చు. కానీ మన దగ్గర చాలామంది రెండో రకం గొడవ పెట్టుకుని మొదటి దారిలో ఏళ్ళకేళ్ళు వాయిదాలకి తిరుగుతున్నారు, ఉద్యోగాలకి లీవులు పెట్టుకుని, పిల్లల్ని వెంటేసుకుని, అది చూస్తుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది. మా చెల్లి కేసులో పక్కనే ఉండి అంతా చూశాను, ఆ తర్వాత తెలిసినవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటే చెప్తూ వచ్చాను, అదంతా ఇక్కడ వరసగా రాస్తున్నా. నేను లాయర్ని కాదు, మీ కేసు వివరాలకి మీ లాయర్ మాటే తీసుకోండి, కానీ ఆయన దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో ఇది చదివితే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు: ఇంట్లో దెబ్బలుంటే

కొట్టడం, బెదిరించడం ఉంటే కింద నేను చెప్పబోయే "కూర్చుని మాట్లాడుకోండి" మీ మొదటి మెట్టు కాదు. ముందు క్షేమంగా బయటపడాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, అర్జెంట్ అయితే 100 గానీ 112 గానీ, సిటీలో ఆడవాళ్ళకి పోలీసుల సాయం అందించే భరోసా సెంటర్ ఉంది, షీ టీమ్స్ ఉన్నాయి. 2005లో వచ్చిన గృహహింస చట్టం కింద రక్షణ ఆర్డర్, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకి డబ్బు, ఇవన్నీ విడాకుల కేసు వేయకుండానే అడగొచ్చు. "నలుగుర్లో పెట్టి మాట్లాడదాం, సర్దుకుపోమ్మా" అని పెద్దవాళ్ళు అన్నా సరే మొహమాటపడకుండా వద్దనండి. మీడియేషన్ అంటే ఎవరి వైపూ లేని మనిషి మధ్యలో కూర్చుని ఒప్పందం కుదరడానికి సాయం చేయడం, అది ఇద్దరూ భయం లేకుండా నోరు విప్పగలిగితేనే పనిచేస్తుంది, ఎదుటి మనిషి గొంతు వింటేనే వణుకు పుట్టేవాళ్ళతో పెట్టించిన సంతకాన్ని ఒప్పందం అనలేం.

స్టెప్ 1: మీ పెళ్ళి ఏ చట్టం కిందకి వస్తుంది, ఏ కోర్టుకి వెళ్ళాలి

హిందువులకి (బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు) 1955 హిందూ వివాహ చట్టం. గుళ్ళో చేసుకున్నా, ఆర్యసమాజ్‌లో చేసుకున్నా, తర్వాత రిజిస్టర్ చేయించుకున్నా అది హిందూ చట్టం కిందే ఉంటుంది, రిజిస్టర్ ఆఫీసుకి వెళ్ళాం కాబట్టి స్పెషల్ మ్యారేజ్ అయిపోయిందని చాలామంది అనుకుంటారు, అట్లా కాదు, 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇచ్చి చేసుకుంటేనే అది. క్రిస్టియన్లకి 1869 నాటి విడాకుల చట్టం, అందులో మ్యూచువల్‌కి రెండేళ్ళు విడిగా ఉండాలని రాసి ఉంది. ముస్లింలకి తలాక్, ఖులా, ముబారాత్ ఉన్నాయి, ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేదాన్ని ముబారాత్ అంటారు, భార్య కోరి విడిపోయేది ఖులా, దానికి భర్త ఒప్పుకోవాల్సిన పని లేదని 2025 జూన్‌లో మన తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఒకేసారి మూడు తలాక్‌లు చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు, పైగా నేరం. షెడ్యూల్డ్ తెగల వాళ్ళకి హిందూ వివాహ చట్టం నేరుగా వర్తించదు, వాళ్ళ ఆచారాన్ని బట్టి చూడాలి కాబట్టి ఆ సంగతి తెలిసిన లాయర్ దగ్గరికే వెళ్ళండి. ఇక్కడినుంచి నేను ఎక్కువగా హిందూ చట్టం గురించే చెప్తున్నా, స్పెషల్ మ్యారేజ్‌ది కూడా చాలావరకు ఇట్లాగే ఉంటుంది.

పెళ్ళయి ఏడాది కాకపోతే మామూలుగా విడాకుల పిటిషన్ తీసుకోరు, భరించలేనంత కష్టం ఉందని చూపించి కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలి.

కోర్టు సంగతి. పెళ్ళి జరిగిన చోట, ఇద్దరూ చివరిగా కలిసున్న చోట, ఎదుటివాళ్ళు ఇప్పుడున్న చోట వేయొచ్చు, భార్య అయితే తను ఇప్పుడు ఉంటున్న చోట కూడా వేయొచ్చు, 2003 నుంచి ఆ వీలు ఉంది. అంటే పెళ్ళి వరంగల్‌లో అయినా, కాపురం బెంగళూరులో చేసినా, అమ్మాయి ఇప్పుడు అమ్మానాన్నల దగ్గర మలక్‌పేటలో ఉంటే ఇక్కడే వేసుకోవచ్చు. హైదరాబాద్ జిల్లా వాళ్ళకి పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు, సికింద్రాబాద్ వైపు వాళ్ళకి సికింద్రాబాద్‌లో, రంగారెడ్డి జిల్లాకి ఎల్బీ నగర్ కోర్టులు. గచ్చిబౌలి, కొండాపూర్ మనం హైదరాబాదే అంటాం గానీ రికార్డుల్లో రంగారెడ్డి జిల్లా, కాబట్టి మీ అడ్రస్ ఏ కోర్టు కిందకి వస్తుందో ముందే కనుక్కోండి, తప్పు కోర్టులో వేస్తే పిటిషన్ వెనక్కి ఇచ్చేస్తారు, ఆ టైమంతా వేస్ట్.

స్టెప్ 2: బాండ్ పేపర్ మీద విడాకులు రాసుకోకండి

ఇది విడిగా చెప్తున్నా, ఎందుకంటే ఇప్పటికీ జరుగుతోంది. పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇకపై మా ఇద్దరికీ ఏ సంబంధం లేదు" అని రాస్తారు, ఇద్దరూ సంతకాలు పెడతారు, నోటరీ ముద్ర కూడా పడుతుంది, ఇచ్చిపుచ్చుకోవడాలు అక్కడికక్కడే అయిపోతాయి. చట్టం దృష్టిలో మీరిద్దరూ ఇంకా భార్యాభర్తలే. ఆ కాగితం నమ్మి ఇంకో పెళ్ళి చేసుకుంటే అది రెండో పెళ్ళి నేరం కిందకి వస్తుంది, ఆ రెండో పెళ్ళి చెల్లదు కూడా. మా కులంలో ఆచారం ఉంది అంటారు కొందరు, అట్లాంటి ఆచారానికి చట్టంలో చోటు ఉన్నమాట నిజమే, కానీ ఆ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో నిరూపించాలి, అది అంత తేలిక కాదు. పెద్దమనుషుల దగ్గర ఒప్పందం కుదిరితే మంచిదే, సంతోషించండి, కానీ ఆ ఒప్పందాన్ని తీసుకెళ్ళి మ్యూచువల్ పిటిషన్‌లో పెట్టి డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల ఉత్తర్వు) తెచ్చుకోండి.

స్టెప్ 3: మ్యూచువల్ అంటే ఏంటి, ఎంత టైం పడుతుంది

హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేస్తారు, ఎవరూ ఎవరి మీదా తప్పు మోపక్కర్లేదు, "కలిసి ఉండలేకపోతున్నాం, విడిపోవడానికి ఇద్దరం ఒప్పుకున్నాం" అంతే. కనీసం ఏడాది నుంచి విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే ఇంట్లోనే ఉండాలని కాదు, ఒకే ఇంట్లో ఉంటూ కూడా భార్యాభర్తల్లా బతకకపోతే అది విడిగా ఉన్నట్టే అని సుప్రీంకోర్టు ఎప్పుడో 1991లోనే చెప్పింది. ఈఎంఐలు, అద్దెలు భరించలేక ఒకే ఫ్లాట్‌లో రెండు గదుల్లో ఉంటున్నవాళ్ళు మన సిటీలో తక్కువేం కాదు, వాళ్ళకి ఇది తెలియాలి.

పిటిషన్ వేశాక మొదటిసారి స్టేట్‌మెంట్ ఇస్తారు, దాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. పిటిషన్ వేసిన రోజు నుంచి ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా రెండోసారి వెళ్ళి ఇంకా అదే మాట మీద ఉన్నామని చెప్పాలి, అది సెకండ్ మోషన్, అప్పుడు డిక్రీ ఇస్తారు. ఆ ఆరు నెలలు ప్రతి కేసులో తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, కలపడానికి చేసిన ప్రయత్నాలన్నీ అయిపోయి, డబ్బు, పిల్లల విషయాలు పూర్తిగా సెటిల్ అయి, ఇంకా ఆగితే బాధ సాగదీయడమే అనిపిస్తే జడ్జి ఆ గడువు తీసేయొచ్చు. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత దానికి అప్లికేషన్ వేసుకోవచ్చు. ఇది జడ్జి విచక్షణ, హక్కుగా రాదు, కాబట్టి "మూడు వారాల్లో విడాకులు ఇప్పిస్తా" అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

జాగ్రత్తగా ఉండాల్సింది ఇంకోటి. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా సరే ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. ఫస్ట్ మోషన్‌లో మొత్తం డబ్బు ఇచ్చేస్తే తర్వాత అవతలివాళ్ళు రాకపోతే మీరు ఇరుక్కుంటారు, అట్లాగే ఒక్క రూపాయి తీసుకోకుండా మీ కేసులన్నీ విత్‌డ్రా చేసుకుంటే మీ చేతిలో ఏమీ మిగలదు. అందుకే కొంత ఫస్ట్ మోషన్ రోజు, మిగతాది సెకండ్ మోషన్ రోజు జడ్జి ముందే డీడీ రూపంలో, అట్లా విడగొట్టి రాసుకుంటారు, అదే మంచి పద్ధతి.

కావాల్సిన కాగితాలు పెద్దగా ఏం ఉండవు, పెళ్ళి ఫోటో, శుభలేఖ, ఉంటే మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్‌లు, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, సెటిల్‌మెంట్ కాగితం. కోర్టు ఫీజు నామమాత్రమే. ఖర్చంతా లాయర్ ఫీజే, అది మొత్తానికి మాట్లాడుకున్నారా వాయిదాకింతా అన్నది మొదటి రోజే స్పష్టంగా అడిగి రాయించుకోండి.

స్టెప్ 4: కంటెస్టెడ్ అంటే ఏం జరుగుతుందో కళ్ళు తెరిచి చూడండి

ఒకరు కావాలంటారు, ఇంకొకరు వద్దంటారు, లేదా ఇద్దరూ కావాలంటారు గానీ లెక్కలు తెగవు, అప్పుడు ఒకరే పిటిషన్ వేస్తారు. "మాకు పడట్లేదు" అంటే సరిపోదు, చట్టంలో రాసి ఉన్న కారణాల్లో ఒకటి చూపించాలి. క్రూరత్వం (శారీరకంగానే కాదు, మానసికంగా కూడా), వేరేవాళ్ళతో సంబంధం, కనీసం రెండేళ్ళుగా వదిలేసి వెళ్ళిపోవడం, మతం మారడం, నయంకాని మానసిక జబ్బు, అంటుకునే సుఖవ్యాధి, సన్యాసం, ఏడేళ్ళుగా బతికున్న జాడ లేకపోవడం. కుష్టువ్యాధి కూడా ఒకప్పుడు ఈ లిస్టులో ఉండేది, 2019లో తీసేశారు, తీసేయాల్సిందే. ఆచరణలో ఎక్కువ కేసులు క్రూరత్వం, వదిలేయడం ఈ రెండిటి మీదే నడుస్తాయి.

"మా పెళ్ళి ఎప్పుడో చచ్చిపోయింది, ఇంక కలిసేది లేదు" అన్న కారణం మీద విడాకులు ఇచ్చే అధికారం ఫ్యామిలీ కోర్టుకి లేదు, అది రాజ్యాంగంలోని 142 ఆర్టికల్ కింద సుప్రీంకోర్టు ఒక్కదానికే ఉందని 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పేపర్లో ఆ తీర్పు చూసి మనకి కూడా అట్లా వస్తుందనుకుంటే కుదరదు.

ఇక వరస ఇట్లా ఉంటుంది. పిటిషన్‌కి ఎఫ్‌సీఓపీ నంబర్ (ఫ్యామిలీ కోర్టులో మీ కేసు నంబర్) పడుతుంది, అవతలివాళ్ళకి సమన్లు వెళ్తాయి, వాళ్ళు వకాల్తా (లాయర్ని పెట్టుకున్నట్టు కాగితం) వేసి కౌంటర్, అంటే జవాబు, వేస్తారు, మధ్యలో కౌన్సెలింగ్‌కో మీడియేషన్‌కో పంపుతారు, అది కాకపోతే మీ చీఫ్ అఫిడవిట్ (రాతలో మీ సాక్ష్యం), తర్వాత క్రాస్ (అవతలి లాయర్ మిమ్మల్ని ప్రశ్నించడం), తర్వాత వాళ్ళ సాక్ష్యం, వాళ్ళ క్రాస్, ఆర్గ్యుమెంట్స్, జడ్జిమెంట్. వీటి మధ్యలో ఐఏలు, అంటే కేసు నడుస్తుండగా వేసే అప్లికేషన్లు, మెయింటెనెన్స్ (ఖర్చులకి డబ్బు) కావాలని ఒకటి, పిల్లల్ని చూపించమని ఇంకోటి, ఇట్లా వస్తూనే ఉంటాయి. నోటీసు అందిన ఆరు నెలల్లో కేసు తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలోనే ఉంది, 21బి సెక్షన్, కానీ గట్టిగా పోరాడే కేసు ఏదీ అంత త్వరగా అవ్వదు, ఏళ్ళు పడుతుంది, ఆ తర్వాత హైకోర్టులో అప్పీల్ కూడా ఉంటుంది. అవతలివాళ్ళు అసలు రాకపోతే ఎక్స్‌పార్టీ అవుతుంది, అంటే వాళ్ళు లేకుండానే తీర్పు వస్తుంది, త్వరగా అయిపోయినట్టే ఉంటుంది గానీ వాళ్ళు తర్వాత వచ్చి సమన్లు నాకు అందలేదు అని దాన్ని కొట్టేయించుకునే ప్రమాదం ఉంది, కాబట్టి సమన్లు సరైన అడ్రస్‌కి వెళ్ళాయా లేదా చూస్కోండి. మీ కేసు ఎక్కడుందో ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ (ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే నంబర్) కొడితే కనిపిస్తుంది, ప్రతిసారీ లాయర్ గుమస్తాకి ఫోన్ చేయక్కర్లేదు.

మెయింటెనెన్స్ గురించి: కేసు నడుస్తుండగానే 24 సెక్షన్ కింద నెల నెలా ఖర్చులు అడగొచ్చు, సంపాదన లేని భర్త కూడా అడగొచ్చు, చట్టంలో ఉంది. 2020 నుంచి ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతం అన్నీ అఫిడవిట్‌లో చూపించాలని సుప్రీంకోర్టు రూల్ పెట్టింది, సాఫ్ట్‌వేర్ జీతం దాచి "నిరుద్యోగిని" అని రాసే రోజులు పోయినట్టే, జీతం అకౌంట్ స్టేట్‌మెంట్లు బయటకొస్తాయి. అబద్ధం రాస్తే అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఫోన్ రికార్డింగుల గురించి అందరూ అడుగుతారు. భార్యాభర్తల మధ్య చాటుగా రికార్డ్ చేసిన మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు అంది. చట్టం సంగతి అట్లా ఉంది గానీ, నా అభిప్రాయం అడిగితే, పదేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో అమ్మానాన్న ఒకళ్ళనొకళ్ళు రికార్డ్ చేసుకుంటూ తిరగడం మొదలైతే ఆ పిల్ల కూడా మాట్లాడ్డం మానేస్తుంది. నిజంగా అవసరం ఉంటేనే.

ఇక్కడే నేను గట్టిగా చెప్పదల్చుకున్నది ఒకటుంది. కంటెస్టెడ్ పిటిషన్‌లో రాసిన మాట వెనక్కి రాదు. కేసు బలంగా ఉండాలని "ఆమెకి క్యారెక్టర్ లేదు", "అతను మగాడే కాదు" అని రాయిస్తారు, రేపు ఏడాది తర్వాత సెటిల్ చేసుకుందామన్నా అవతలి ఇంటివాళ్ళు ఆ పేజీ తీసి చూపిస్తారు, "ఇట్లా రాసినవాళ్ళతో మేం కూర్చోవాలా" అంటారు. కేసు వేయాల్సే వస్తే జరిగింది జరిగినట్టు, తేదీలతో రాయించండి, అదనంగా ఒక్క మాట వద్దు. డ్రాఫ్ట్ మీరు చదవకుండా సంతకం పెట్టొద్దు, ఇంగ్లీషులో ఉండి అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టండి. తప్పుడు ఆరోపణలు చేసి నిరూపించలేకపోతే ఆ ఆరోపణే అవతలివాళ్ళ పట్ల క్రూరత్వం అని కోర్టులు అన్న సందర్భాలు చాలా ఉన్నాయి.

స్టెప్ 5: మీడియేషన్‌లో కూర్చోవడం

మీడియేషన్ అంటే మిమ్మల్ని మళ్ళీ కాపురానికి పంపించే పని అని చాలామందికి భయం. కాదు. కలిసి ఉండాలనుకుంటే దానికీ సాయం చేస్తారు, విడిపోవాలనుకుంటే మర్యాదగా విడిపోవడానికీ సాయం చేస్తారు. మీడియేటర్ తీర్పు చెప్పరు, ఎవరిది తప్పో తేల్చరు, మీ పిన్ని కొడుకో మీ ఊరి సర్పంచో కాదు కాబట్టి ఎవరి వైపూ ఉండరు. పెద్దమనుషుల పంచాయితీకీ దీనికీ ముఖ్యమైన తేడా అదే, పంచాయితీలో గట్టిగా అరిచినవాళ్ళ మాట చెల్లుతుంది, ఇక్కడ నెమ్మదిగా మాట్లాడే మనిషికి కూడా పూర్తి టైం ఇస్తారు.

దీంట్లోకి రెండు దారులు. ఒకటి, కేసు వేశాక కోర్టే పంపుతుంది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అని ఉంది, 2013లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు ఇట్లాంటి కేసుల్ని మీడియేషన్ సెంటర్లకి పంపాలని గట్టిగా చెప్పింది. రెండోది, అసలు కేసు వేయకముందే. లీగల్ సర్వీసెస్ అథారిటీకి తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వొచ్చు, వాళ్ళు అవతలివాళ్ళకి నోటీసు పంపి పిలిపిస్తారు. రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు కూడా పురానీ హవేలీ కోర్టు ఆవరణలోనే, న్యాయ సేవా సదన్‌లో ఉంటుంది. ఫోన్‌లో అడగాలంటే 15100. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయం ఎంతున్నా ఉచిత లాయర్ పెట్టే హక్కు 1987 చట్టంలో ఉంది, చాలామందికి తెలీక అప్పులు చేసి ఫీజులు కడుతున్నారు. నన్నడిగితే ఈ రెండో దారే ముందు తొక్కండి, ఎందుకంటే అప్పటికి ఇంకా ఎవరూ ఎవరి మీదా కాగితం మీద ఏమీ రాసి ఉండరు.

కేసు సగంలో ఉన్నా, క్రాస్ అయిపోయినా, అప్పీల్‌లో ఉన్నా సరే మళ్ళీ మీడియేషన్ అడగొచ్చు, ఆ తలుపు ఎప్పుడూ మూసుకుపోదు. లోపల మాట్లాడింది బయటకి రాదు, 2023 మీడియేషన్ చట్టంలో కూడా అది సాక్ష్యంగా వాడకూడదని ఉంది, కుదిరిందా కుదరలేదా అన్నదే కోర్టుకి చెప్తారు, కాబట్టి "ఇంత ఇస్తా అని అక్కడ అంటే రేపు కోర్టులో పట్టుకుంటారేమో" అని భయపడక్కర్లేదు.

లోపల ఎట్లా ఉంటుందంటే, ముందు ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి పద్ధతి చెప్తారు, తర్వాత ఒక్కొక్కళ్ళతో విడిగా మాట్లాడతారు. ఆ విడి మాటల్లోనే అసలు సంగతి బయటపడుతుంది. మా చెల్లి విషయంలో డబ్బు దాదాపు కుదిరాక కూడా ఒక వడ్డాణం దగ్గర మొత్తం ఆగిపోయింది. పెళ్ళిలో వాళ్ళ అత్తగారు పెట్టింది, అది తిరిగివ్వాలని వాళ్ళు, ఇవ్వనని మా చెల్లి. ఇంట్లో మేమంతా అది బంగారం రేటు గొడవే అనుకున్నాం. మీడియేటర్ మేడం మమ్మల్నందర్నీ, అంటే మా నాన్నని, వాళ్ళ మామయ్యని, నన్ను, బయట బెంచీ మీద కూర్చోమని పంపించేసి విడివిడిగా అడిగితే తేలింది ఏంటంటే, ఆ వడ్డాణం వాళ్ళ అత్తగారికి వాళ్ళమ్మ చేయించింది, ఆవిడకి తులాల లెక్క కాదు, అమ్మ గుర్తు. ఇటు మా చెల్లికి వడ్డాణం అక్కర్లేనే అక్కర్లేదు, తన టెన్త్ మెమో నుంచి బీటెక్ ఒరిజినల్స్ దాకా వాళ్ళింట్లో బీరువాలో ఉండిపోయాయి, ఉద్యోగానికి వెరిఫికేషన్‌లో అడుగుతున్నారు, అడిగితే ఇస్తారో లేదో అని భయంతో వడ్డాణం పట్టుకుని కూర్చుంది. ఈ మాట రెండు వైపుల లాయర్లకీ తెలీదు, పిటిషన్‌లో కౌంటర్‌లో ఎక్కడా లేదు. తర్వాతి సిట్టింగ్‌లో టేబుల్ మీద ఇటునుంచి డబ్బా, అటునుంచి ఫైలు, ఒక్కో సర్టిఫికెట్ పేరు చదివి లిస్టు మీద ఇద్దరితో సంతకాలు పెట్టించారు. ఆ తర్వాత మిగతా విషయాలు మాట్లాడుకోవడం చాలా తేలికైంది.

అందుకే మీడియేషన్‌కి వెళ్ళే ముందు రోజు ఒక కాగితం తీసుకుని మీకు నిజంగా ఏం కావాలో రాసుకోండి, "30 లక్షలు" అని కాదు, ఆ 30 లక్షలు దేనికి అని. ఇంటద్దె ఎంత, స్కూల్ ఫీజు ఎంత, మళ్ళీ ఉద్యోగంలో చేరేదాకా ఎన్ని నెలలు పడుతుంది, అమ్మానాన్నల మందులు. లెక్క చూపిస్తే అవతలి మనిషి కూడా లెక్కతోనే జవాబు చెప్పాల్సి వస్తుంది. పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళండి, తోడు కావాలి కదా, కానీ గదిలోకి మాత్రం మీరొక్కళ్ళే వెళ్ళే ధైర్యం చేయండి.

స్టెప్ 6: ఒప్పందంలో ఏం రాయించాలి

ఇక్కడ తొందరపడితే మళ్ళీ కోర్టుకే రావాలి. పిల్లల గురించి "తండ్రి అప్పుడప్పుడు చూడొచ్చు" అని రాస్తే ఆ అప్పుడప్పుడు ఎప్పుడో అన్నదే కొత్త గొడవ. ఇట్లా రాయించండి: "ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటల నుంచి ఆదివారం సాయంత్రం 6 దాకా పాప తండ్రి దగ్గర ఉంటుంది, తీసుకెళ్ళేది, తిరిగి దింపేది తండ్రే. దసరా సెలవుల్లో మొదటి సగం తల్లి దగ్గర, రెండో సగం తండ్రి దగ్గర, సంక్రాంతి ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు. మిగతా రోజుల్లో రాత్రి 8కి వీడియో కాల్." పిల్ల పుట్టినరోజు, స్కూల్ పేరెంట్ మీటింగ్, పాస్‌పోర్ట్ సంతకం, విదేశం తీసుకెళ్ళాలంటే ఎవర్ని అడగాలి, ఇవి కూడా. ఐదేళ్ళలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలో ఉంది, ఆ తర్వాత ఏ వయసైనా కోర్టు చూసేది పిల్లల క్షేమం ఒక్కటే.

పిల్లల ఖర్చుకి అంకె వేయకండి, స్కూల్ ఫీజు ఏటా పెరుగుతుంది, "ఫీజులో ఇంత వంతు, స్కూల్ డిమాండ్ వచ్చిన పది రోజుల్లో నేరుగా స్కూల్‌కే" అని రాయిస్తే మంచిది. తల్లి తనకి భరణం వద్దనుకోవచ్చు గానీ పిల్లలకి రావాల్సింది వదిలేసే హక్కు ఆమెకి లేదు, "పిల్లకి కూడా ఏమీ అడగను" అని రాసినా అది రేపు నిలబడదు.

బంగారం, చీరలు, వెండి, పుట్టింటివాళ్ళు పెట్టినవీ, పెళ్ళిలో అమ్మాయికి వచ్చిన బహుమతులూ స్త్రీధనం, అది ఆమె సొంతం, 1985లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. పసుపు కుంకుమ కింద రాసిచ్చిన భూమి కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయో చూస్కోండి. లిస్టు రాసేటప్పుడు వస్తువు పేరు, తులాలు, ఎవరి లాకర్‌లో ఉంది, ఏ రోజు ఇస్తారు, అన్నీ.

ఇద్దరి పేర్ల మీద ఫ్లాట్, ఇద్దరి పేర్ల మీద హోమ్ లోన్ ఉంటే ఇంకా జాగ్రత్త. మీ డిక్రీలో "ఇకమీద ఈఎంఐ భర్తే కడతాడు" అని ఉన్నా బ్యాంకుకి సంబంధం లేదు, అతను కట్టకపోతే మీ సిబిల్ స్కోరే పడిపోతుంది. లోన్ లోంచి మీ పేరు తీయించడం, ఇంటి వాటా వదులుకునే దస్తావేజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర చేయించడం, వీటికి గడువు తేదీలు రాయించి, డబ్బు చివరి విడత దానికి ముడిపెట్టండి.

మీ మధ్య ఉన్న కేసులన్నీ నంబర్లతో రాయాలి, ఎఫ్‌సీఓపీ, డీవీసీ (గృహహింస కేసు), ఎంసీ (మెయింటెనెన్స్ కేసు), పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్, ఒక్కటి వదిలేసినా అదొక్కటీ బతికే ఉంటుంది. 498ఏ కేసు (భర్త, అత్తింటివాళ్ళ వేధింపుల మీద పెట్టేది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో 85 సెక్షన్) ఉంటే అది పోలీస్ స్టేషన్‌లో "రాజీ అయ్యాం" అని రాసిస్తే పోదు, సెటిల్‌మెంట్ మీద హైకోర్టులో క్వాష్ చేయించుకుంటారు, అంటే కొట్టేయించుకుంటారు, ఆ పిటిషన్‌కి ఎవరు సంతకం పెట్టాలి, ఎప్పటిలోగా పెట్టాలి అన్నది ఒప్పందంలోనే ఉండాలి.

భార్యో భర్తో అమెరికాలో ఉంటే

మన దగ్గర ఇది ప్రతి వీధిలో ఉన్న సంగతే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరు కేసు వేసి అక్కడి డిక్రీ తెచ్చుకుంటారు. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక జంట విషయంలో, భర్త మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మన చట్టంలో లేని కారణంతో, మీరు ఒప్పుకోకుండా, ఆ కోర్టు విచారణలో నిజంగా పాల్గొనకుండా ఇచ్చిన డిక్రీ ఇక్కడ పనికిరాదు. అక్కడి నుంచి సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకండి, జవాబు ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎట్లా ఇవ్వాలి అని వెంటనే లాయర్ని అడగండి, ఎందుకంటే మీరు ఏం చేశారన్నదాన్ని బట్టే తర్వాత లెక్క మారుతుంది. ఇద్దరూ ఒప్పుకుంటే ఇక్కడే మ్యూచువల్ వేసుకోవడం మేలు. రాలేని వాళ్ళకి వీడియో కాన్ఫరెన్స్‌లోనో, తల్లిదండ్రులు, తోబుట్టువుల ద్వారానో హాజరయ్యే వీలు ఇవ్వొచ్చని పైన చెప్పిన 2017 తీర్పులోనే ఉంది, మీ జడ్జి పర్మిషన్ తీసుకోవాలి.

స్టెప్ 7: డిక్రీ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీలు ఒకటి కాదు, మూడు నాలుగు తీస్కోండి, ప్రతి చోటా అడుగుతారు. మ్యూచువల్ డిక్రీ మీద అప్పీల్ ఉండదు. కంటెస్టెడ్ అయితే అప్పీల్ గడువు పూర్తిగా అయిపోయి, హైకోర్టులో ఏమీ పెండింగ్ లేదని లాయర్‌తో చెక్ చేయించుకున్నాకే ఇంకో పెళ్ళి మాట ఎత్తండి, ఈ గడువు మధ్యలో ముహూర్తం పెట్టుకుని చిక్కుల్లో పడ్డవాళ్ళు ఉన్నారు. జాయింట్ అకౌంట్, జాయింట్ లాకర్ క్లోజ్ చేయండి, పాస్‌పోర్ట్‌లో పేరు మార్పించండి, పీఎఫ్, ఎల్ఐసీ, ఆఫీసు ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్స్, డీమ్యాట్, వీటన్నిట్లో నామినీ ఇంకా పాత పేరే ఉంటుంది, అది దానంతటది మారదు, ఒక్కొక్కటి మీరే లాగిన్ అయ్యో ఫారం ఇచ్చో మార్చుకోవాలి, పిల్లలు మైనర్లయితే నామినీతో పాటు గార్డియన్‌గా ఎవరి పేరు రాస్తున్నారో కూడా చూస్కోండి.